పదహారో రీడింగు

నెలకి పదహారు రోజులు. ముప్పై రోజుల్లో కనీసం పదహారు రోజులు పేషంటు తన ఇంట్లోనే మిషను చేతికి కట్టుకుని బీపీ చూసుకోవాలి. ఆ అంకె దానంతటదే విజయవాడలో ఉన్న మా ఆసుపత్రి కంప్యూటర్లోకి చేరాలి. పదిహేను రోజులు చూసుకుంటే అసలు చూసుకోనట్టే లెక్క, ఆ నెలకి ఇన్సూరెన్సు వాళ్ళు పైసా ఇవ్వరు. పదిహేనుకీ పదహారుకీ మనిషి ఒంట్లో ఏం తేడా వస్తుందని చేరిన కొత్తలో మా నవీన్ కుమార్ సార్‌ని అడిగాను. "రూలు లిడియా, రూలు. బయటి దేశాల్లో ఎక్కడో ఇలాగే ఉందట, వీళ్ళు దింపుకున్నారు" అన్నాడు. ఆయన డాక్టరు కాదు. ఆసుపత్రి పంపే బిల్లులు రూలు ప్రకారం ఉన్నాయో లేదో చూసుకునే మనిషి.

నేను నర్సుని. పదకొండేళ్ళు వార్డుల్లో నిలబడి చేశాను. నడుము పట్టేసి ఇక నిలబడలేనన్నాక ఈ ఉద్యోగం ఇచ్చారు. తిరువూరు బస్టాండు వెనక సందులో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ఫోను. తిరువూరు, విస్సన్నపేట, గంపలగూడెం వైపు నూట నలభై మంది పేషంట్లు. మొదటిసారి ఇంటికి వెళ్ళి మిషను ఇచ్చి ఎలా కట్టుకోవాలో చూపించాలి, ఆ తర్వాత అంతా ఫోన్లోనే. ఆ ఫోనుకీ ఒక రూలుంది. ఒక్కో పేషంటుతో నెలకి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడుతున్నంతసేపూ కంప్యూటరు మీద గడియారం తిరుగుతూ ఉంటుంది, ఇరవై దాటగానే పేరు ఆకుపచ్చగా మారుతుంది.

నేను చెప్పబోయేది నా తప్పు గురించి. ముందే చెప్తున్నాను, చివరికొచ్చాక దీన్ని ఇంకెవరి మీదో తోస్తానని చూడొద్దు.

వీరరాఘవయ్యగారికి మిషను ఇచ్చింది ఫిబ్రవరిలో. అరవై ఆరేళ్ళు. తిరువూరులో ఇల్లు, వినగడపలో ఎనిమిదెకరాల మామిడి తోట. కొడుకు గిరిబాబుకి పురుగుమందుల షాపుంది, ఇన్సూరెన్సు చేయించింది అతనే. ఆ రోజు నా చేత్తో నేనే బీపీ చూశాను. నూట ముప్పై, ఎనభై. రోజుకో చిన్న మాత్రతో చక్కగా కుదురుగా ఉంది. ఆయన మిషను వంక చూసి, "ఇది నా చేతికి కడితే అక్కడ బెజవాడలో తెలుస్తుందా? అయితే అక్కడే కట్టుకోమనకూడదూ" అన్నాడు. ఆయన భార్య సరోజినీదేవిగారు నవ్వుతూ కాఫీ తెచ్చింది. వాళ్ళకి స్టీలు గ్లాసుల్లో, నాకు పేపరు కప్పులో. నేనేమీ అనుకోలేదు, అంటే అనుకుని ఊరుకున్నాను. ఏప్రిల్ మొదట్లో మిషను బ్యాటరీ మార్చడానికి వెళ్తే నాకూ స్టీలు గ్లాసే వచ్చింది. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఆయన ఫోన్లో దొరికే మనిషి కాదు. దొరికినా "బానే ఉన్నానమ్మా" అని పెట్టేస్తాడు. అది ఆరు సెకన్లు. మిగిలిన పంతొమ్మిది నిమిషాల యాభై నాలుగు సెకన్లూ నేను సరోజినీదేవిగారితో మాట్లాడేదాన్ని. ఆవకాయలో ఉప్పు ఎంత, ఈసారి తోటలో చిన్న రసాలకి మంగు మచ్చ పట్టిందా లేదా, మా అమ్మాయి ఇంటర్‌లో ఏం గ్రూపు, గడియారం తిరుగుతూనే ఉండేది. రికార్డులో "పేషంటుకి ఆరోగ్య సలహా" అని రాసేదాన్ని. అందరమూ అలాగే రాస్తాం. కానీ ఆవిడతో మాట్లాడటం నాకు నిజంగానే ఇష్టంగా ఉండేది. రోజంతా నూట నలభై మందిని బతిమాలే ఉద్యోగంలో నన్ను "అన్నం తిన్నావా" అని అడిగే గొంతు ఆ ఒక్కటే.

మార్చి ఎలాగో గడిచింది. ఆవిడ తిట్టి, ఆయన విసుక్కుని, పదహారో అంకె ఇరవై తొమ్మిదో తారీఖున పడింది. ఏప్రిల్లో కాయ ముదిరేసరికి ఆయన తోటలో మకాం పెట్టేశాడు. ఏటా తోటని వ్యాపారులకి గుత్తకిచ్చేవాడు. ఈ ఏడు చెప్పిన రేటు నచ్చక, కాయ తనే కోయించి తనే మార్కెట్టుకి వేస్తానని పంతం పట్టాడు. కాపలాకి మనుషులు దొరకలేదు. కోతులు మందలు మందలుగా దిగుతున్నాయి, తెల్లారకముందే లేచి డబ్బా వాయించకపోతే చెట్టు కింద కొరికిన కాయలే మిగులుతాయి. రేకుల షెడ్డులో మంచం వేసుకుని అక్కడే ఉండిపోయాడు. మధ్యాహ్నం గిరిబాబు బండి మీద క్యారేజీ తీసుకెళ్ళేవాడు. మాత్రని కాగితంలో చుట్టి క్యారేజీ పైగిన్నెలో పెట్టేది సరోజినీదేవిగారు. మిషను మాత్రం ఇంట్లోనే ఉంది. అందులో ఉండే సిమ్ముకి ఆ తోటలో సిగ్నలు అందదు.

ఏప్రిల్ పద్నాలుగున చూస్తే ఆయన పేరు ఎదురుగా రెండే అంకెలున్నాయి. ఆ వారమే మా దగ్గర పనిచేసే ఇద్దరిని తీసేశారు. పదహారు నిండని పేషంట్లు ఎక్కువైపోయారట వాళ్ళ లిస్టుల్లో. నా లిస్టు కూడా అంత గొప్పగా ఏమీ లేదు. ఫోను చేశాను.

"ఆయన తోటలో ఉన్నారమ్మా, రోజు మార్చి రోజు రమ్మన్నా రారు. కోతులేమైనా మన కోసం సెలవు పెడతాయా" అంది ఆవిడ.

"అమ్మగారూ, ఎలాగోలా పదహారు చెయ్యండి. ఇవాళ్టి నుంచి రోజూ వేసినా ఇంకా టైముంది. మొన్న ఇద్దరిని తీసేశారు. ఈసారి నా వంతే వస్తుంది. నాకు చదువుకునే పిల్లుంది."

వెనక కుక్కరు కూత వినపడింది.

"ఎలాగోలా అంటే? అంకె వెళ్తే చాలా? డాక్టరుగారు చూస్తారేమో మళ్ళీ."

"ఇది బిల్లు కోసమే అమ్మగారూ. అంకె వెళ్తే చాలు."

"సరేలే. నీ మాట పోనిస్తానా."

ఆ 'చాలు' అన్న మాట నా నోట్లోంచి వచ్చిందే. ఆవిడ ఏం చేయబోతోందో నాకు తెలియదని ఇవాళ చెప్పగలను. తెలుసుకోవాలనుకోలేదన్నది దానికన్నా నిజం. మొహమాటానికి పోతే కడుపైందని మా అమ్మ అనేది, ఆడపిల్లలం మాకు బుద్ధి చెప్పడానికి. ఇక్కడ మొహమాటం ఒకరిది, దాన్ని వాడుకున్నది ఇంకొకరు.

మర్నాటి నుంచి రోజూ ఉదయం ఆరూ నలభైకి అంకె వచ్చేది. పాలు పోయించుకుని, పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు కట్టుకునేదట. అది తర్వాత తెలిసింది. నాకప్పుడు కనపడింది ఆకుపచ్చ పేరొక్కటే. ఏప్రిల్ నెలాఖరుకి పద్దెనిమిది అంకెలు. నవీన్ కుమార్ సార్ ఫోను చేసి మెచ్చుకున్నాడు.

కాకపోతే అంకెలు బాలేవు. నూట అరవై ఎనిమిది, నూట డెబ్బై రెండు, నూట డెబ్బై ఆరు. నాలుగు రోజులు వరసగా అలా వస్తే కంప్యూటరు ఎర్రటి గుర్తు పెడుతుంది, దాన్ని డాక్టరుకి పంపడం నా పని. ఫిబ్రవరిలో నూట ముప్పై ఉన్న మనిషికి ఏప్రిల్లో ఇంత ఎందుకని అనుమానం రావాలి. వచ్చింది కూడా. ఎండలో తిరుగుతున్నాడు, ఆవకాయ నంజుకుంటున్నాడు, కోతుల మీద కోపంతో నిద్ర లేదు అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. వినగడప ఏమన్నా కాశీనా? షేర్ ఆటో ఎక్కితే గంటలో తోటలో ఉండేదాన్ని, నా పరికరంతో నేనే చూసేదాన్ని. ఆ రోజు ఇంకా పదకొండు మంది పదహారు నిండని వాళ్ళున్నారు. వెళ్ళలేదు.

డాక్టరుగారికి రోజుకి అలాంటి ఎర్రగుర్తులు వంద వస్తాయి. ఆయన అంకెలు చూశాడు, మాత్ర రెట్టింపు చేశాడు. వారానికీ తగ్గకపోతే ఒంట్లో నీరు లాగేసే మాత్ర ఇంకొకటి కలిపాడు. అంకెలు చూసి రాయాల్సింది అదే, ఆయన తప్పు లేదు. ఆ కబురు నేనే సరోజినీదేవిగారికి ఫోన్లో చెప్పాను. "డాక్టరుగారు మాత్రలు మార్చారమ్మగారూ, చీటీ వాట్సాప్‌లో పంపాను, ఇక అవే పెట్టండి." ఎందుకు మార్చారో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. పెద్దవాళ్ళకి వయసు పెరిగేకొద్దీ మాత్రలు పెరుగుతాయని అనుకుందట. ఆ కాల్ నలభై సెకన్లు. ఆవిడతో ఆ నెల ఇరవై నిమిషాలు అప్పటికే నిండిపోయాయి, గడియారానికి ఇంకేం అక్కర్లేదు. ఆవకాయ గురించి అరగంట మాట్లాడిన నేను ఈ ఒక్క మాట గురించి ఇంకో నిమిషం మాట్లాడి ఉంటే, ఇవాళ ఈ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

మే నెల ఎండలు మీకు తెలుసు. బీపీ మామూలుగానే ఉన్న మనిషికి రెట్టింపు మాత్ర, దాని పైన ఒంట్లో నీళ్ళు పోగొట్టే మాత్ర, నెత్తిన రేకుల షెడ్డు. ఇరవై రెండో తారీఖు తెల్లవారుజామున కోతులు దిగాయని డబ్బా తీసుకుని మంచం మీద నుంచి లేచాడు. లేచినవాడు లేచినట్టే కూలిపోయాడు. మోటారు దిమ్మకి తల కొట్టుకుంది. పక్క తోటవాళ్ళు ఆరుంబావుకి చూశారట. అంబులెన్సులో బీపీ ఎనభై, యాభై. విజయవాడ తీసుకెళ్ళారు. మూడో రోజు పోయాడు.

వడదెబ్బ అన్నారు అందరూ. ఆ వారం మండలంలో ఇంకో ఇద్దరు వడదెబ్బకే పోయారు, కాబట్టి ఎవరూ రెండో మాట అడగలేదు. నేను చిన్నకర్మ రోజున వెళ్ళాను. సరోజినీదేవిగారు నా చెయ్యి పట్టుకుని, "ఆ ముందురోజు క్యారేజీలో మజ్జిగ ఎక్కువ పెట్టాను లిడియా, తాగమని చెప్పి పంపాను కూడా" అంది. ఆ మజ్జిగ మాటే నాలుగుసార్లు చెప్పింది. వడదెబ్బకి తనేం లోటు చేసిందా అని వెతుక్కుంటోంది పాపం. నేను ఊరడించి వచ్చాను. అప్పటికి నేనూ వడదెబ్బే అనుకున్నాను.

జూన్ చివర్లో ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. వాళ్ళూ ఊరికే ఉండరు, పెద్ద ఆసుపత్రి బిల్లు కట్టేటప్పుడు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. మే ఇరవై రెండున ఉదయం ఆరుంబావుకి వినగడపలో పడి ఉన్న పేషంటుకి, ఆరూ నలభైకి తిరువూరు ఇంట్లో మిషను మీద నూట డెబ్బై ఎనిమిది బీపీ ఎలా వచ్చిందో వివరించమన్నారు. మధ్యలో ఆరు రోజులు సిగ్నలు లేక అంకె చేరలేదు కాబట్టి మే నెలకి అది పదహారో రీడింగు.

మెయిలు చదివి ఆ రోజు టైములన్నీ కాగితం మీద వరసగా రాసుకున్నాను. కబురు ఇంటికి చేరింది ఏడింటికి. దానికి ఇరవై నిమిషాల ముందు ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, నా ఉద్యోగం కోసం తన చేతికి మిషను కట్టుకుంది. అప్పటికి నెలా వారం రోజులుగా కట్టుకుంటోంది. డాక్టరు మందు రాసింది ఆవిడ బీపీకి, మింగింది ఆయన. అంతా ఒక్కసారే అర్థమైంది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఇంకొకటి అర్థమైంది. నూట డెబ్బై ఎనిమిది బీపీ ఉన్న మనిషి ఇంకా ఆ ఇంట్లోనే తిరుగుతోంది, ఒక్క మాత్ర కూడా లేకుండా. ఆవిడకి బీపీ ఉందని ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మర్నాడే నవీన్ కుమార్ సార్ తిరువూరు వచ్చాడు. మంచివాడే, ఎప్పుడూ గట్టిగా అరవడు. ఆయన పైన ఇంకో ఇద్దరు సార్లున్నారు. టైపు చేసిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

"మిషన్లో గడియారం తప్పుందని మనం రాద్దాం. రీడింగులన్నీ మా ఆయన చేతివే అని ఆవిడ సంతకం పెడితే ఈ గొడవ ఇక్కడితో అయిపోతుంది. లేకపోతే నీ లిస్టులో నూట నలభై మందివీ తవ్వుతారు."

"అవి ఆయన రీడింగులు కాకపోతే సార్?"

ఆయన కాగితాన్ని నా వైపు ఇంకాస్త జరిపాడు. "నాకు చెప్పకు" అన్నాడు.

కాగితం బ్యాగులో పెట్టుకున్నాను. బీపీ చూసే నా పాత పరికరం కూడా పెట్టుకున్నాను. దారిలో ఒక లెక్క వేసుకున్నాను. ఏమీ చెప్పకుండా ఆవిడకి బీపీ చూస్తాను, కాస్త ఎక్కువుందని చెప్పి మందు మొదలుపెట్టిస్తాను. భర్త ఎలా పోయాడో ఆవిడకి తెలియక్కర్లేదు. సంతకం సంగతి తర్వాత చూడొచ్చు. దొంగలెక్క అని తెలుసు, అయినా ఆ లెక్కలో ఆవిడ ప్రాణం దక్కుతుంది.

కోడలు నీహారిక తలుపు తీసి షాపుకి వెళ్ళిపోయింది. సరోజినీదేవిగారు వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. మిషను శుభ్రంగా తుడిచి డబ్బాలో పెట్టి సిద్ధంగా ఉంచింది, నేను తీసుకెళ్ళడానికొస్తానని.

"ఒకసారి మీకు చూడనివ్వండి అమ్మగారూ, కళ్ళు అలా ఉన్నాయేంటి" అని చేతికి పట్టీ చుట్టాను. చూశాను. నూట ఎనభై రెండు, నూట నాలుగు.

"ఎంతుంది?"

"కొంచెం ఎక్కువుంది. దిగులు వల్ల. మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది."

"ఎంతో చెప్పు."

చెప్పాను. ఆవిడ తలాడించింది. "ఆ, అంతే వస్తుందిలే నాకు. నీకు చెప్పలేదు కదూ. ఆయన తోటలో ఉన్నారని నేనే కట్టుకునేదాన్ని. అంకె వెళ్తే చాలన్నావు గదా." చేత్తో గోడ మీద ఇంకా మే నెల దగ్గరే ఉన్న క్యాలెండరు చూపించింది. పాల లెక్క గీతల పక్కన, ఒక్కో గడిలో చిన్న చిన్న అంకెలు. నూట డెబ్బై రెండు, నూట డెబ్బై ఆరు. నువ్వెప్పుడైనా అడుగుతావేమోనని రాసిపెట్టానంది.

ఆవిడ అప్పటికీ రెంటినీ ముడిపెట్టలేదు. నేను గబగబా మాట మార్చాను. ఇక్కడ తెలిసిన డాక్టరుగారున్నారు, రేపు తీసుకెళ్తాను అన్నాను. ఆవిడ లేచి అల్మరాలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది.

"ఆయనవి మిగిలిపోయాయి. బీపీవే గదా. పారేయడం ఎందుకు, ఇవే వేసుకోనా?"

మాత్రల అట్టలు బయటికి తీసింది. పాత చిన్న మాత్ర. దాని పక్కన పెద్ద మాత్ర. దాని పక్కన నీరు లాగే మాత్ర. మూడింటినీ ఒళ్ళో వరసగా పెట్టుకుని చూస్తోంది. చూస్తూ చూస్తూ తల ఎత్తి క్యాలెండరు వైపు తిరిగింది. లేచి వెళ్ళి మే నెల కాగితం తిప్పి, ఏప్రిల్ చూసి, మళ్ళీ మే చూసింది. కొత్త మాత్ర మొదలైన రోజు కూడా అక్కడ రాసుంది, మందుల షాపు పేరుతో సహా. ఆవిడ వీపు నా వైపు ఉంది. ఆ వీపు చూస్తూ నేను లోపల ప్రార్థన చేసుకున్నాను, తెలియకూడదని. అలాంటి ప్రార్థన ఎవరు వింటారు?

"ఈ పెద్ద మాత్ర ఎవరి బీపీకి రాశారు లిడియా?"

నేను పట్టీ మడిచి బ్యాగులో పెట్టుకోబోయాను.

"బిల్లు కోసమే అన్నావు గదమ్మా."

"అన్నానమ్మగారూ."

"మరి ఎవరి బీపీకి రాశారు?"

"మీ బీపీకి" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనూ ఏడ్చి తేలికయ్యేదాన్ని. వచ్చి కుర్చీలో కూర్చుని, "క్యారేజీలో నేనే పెట్టాను. మర్చిపోతారని పైగిన్నెలో పెట్టాను" అంది. తర్వాత మాత్రల అట్టలు ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తూ, "అయితే మజ్జిగ కాదన్నమాట" అంది.

తప్పంతా నాదేనని చెప్పాను. మీకు తెలియదు, నాకు తెలియాలి, నేను చెప్పబట్టే చేశారు అని కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. విన్నదో లేదో తెలియదు. ఆఖరికి, "ఫోన్లో ఏదో సంతకం అన్నారే మీ సారు, ఏదా కాగితం?" అంది.

"అది వద్దమ్మగారూ."

"పెట్టకపోతే నీ ఉద్యోగం?"

"పోతే పోతుంది."

"ఏం రాశారో చదువు."

చదివాను. 'మిషనులో నమోదైన రీడింగులన్నీ నా భర్త చేతి నుంచి తీసినవేనని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను.' ఇంకోసారి చదవమంది. చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"ఇది నిజమైతే ఎంత బాగుండేది" అంది.

నా చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తొందర లేకుండా. కాగితం నా చేతిలో పెట్టి, "నీ పిల్ల చదువు పాడవకూడదు" అంది. మాత్రల డబ్బా మూత పెట్టేసింది. "నాకేం మాత్రలు వద్దు. ఈ కాగితం ప్రకారం నాకు బీపీ లేదు."

ఆ కాగితం నవీన్ కుమార్ సార్‌కి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నా ఉద్యోగం నిలిచేది, ఆవిడ బీపీ ఎప్పటికీ పోయిన మనిషి పేరు మీదే ఉండిపోయేది. గదికొచ్చి ఇన్సూరెన్సు వాళ్ళకీ ఆసుపత్రికీ ఒకే మెయిలు రాశాను. రీడింగులు ఎవరివో, ఎందుకు వచ్చాయో, 'అంకె వెళ్తే చాలు' అన్నది ఎవరో. ఆవిడకి బిల్లు కోసమేనని చెప్పింది నేనే కాబట్టి ఆవిడని ఏమీ అడగొద్దని కూడా రాశాను. మూడో రోజున గది తాళం తీసేసుకున్నారు. ఎంక్వయిరీ నడుస్తోంది. నా నర్సు రిజిస్ట్రేషను ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడినా అన్యాయం అనను. నవీన్ కుమార్ సార్ తాళం జేబులో వేసుకుని బస్సెక్కాడు.

సరోజినీదేవిగారికి ఇదేమీ తెలియదు. తన సంతకంతో నా ఉద్యోగం దక్కిందనే అనుకుంటోంది. గిరిబాబుకి తండ్రి సంగతి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. ఎంక్వయిరీ కాగితం వస్తే తెలుస్తుంది, ఆ రోజు ఆ ఇంటి గుమ్మం నాకు మూసుకుపోతుంది. అమ్మకి బీపీ ఎక్కువుందని మాత్రం చెప్పాను. తెలిసిన డాక్టరుగారిని ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన కూర్చుని, తన చేత్తో రెండుసార్లు చూసి, చిన్న మాత్ర ఒకటి రాశాడు. ఆ చీటీ మీద ఉన్నది ఆవిడ పేరే. ఆవిడ చీటీ తీసుకుంది, మాత్రలు తెప్పించుకుంది, వేసుకోలేదు. వారం తర్వాత అట్ట చూస్తే ఒక్కటి కూడా చిరగలేదు. కోడలు బతిమాలింది, కొడుకు కోప్పడ్డాడు. "ఆ మాట ఎత్తకండి" అంటుంది, అంతే. ఒకరోజు నేను చూస్తే నూట తొంభై దాటింది.

ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఆవిడ తన కోసం ఏదీ చెయ్యదు. ఎవరి కోసం చేస్తుందో, ఏం చెప్తే చేస్తుందో నాకు తెలుసు. నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి వెళ్ళాను. పాలు పొయ్యి మీద ఉన్నాయి.

"అమ్మగారూ, మళ్ళీ చిక్కొచ్చిపడింది" అన్నాను. "కొత్త రూలు పెట్టారు. పేషంటు పోయిన ఇంట్లో ఇంకెవరికైనా బీపీ ఉంటే, వాళ్ళు రోజూ నర్సు ఎదుట మాత్ర వేసుకోవాలట. వేసుకున్నట్టు నేను రాసి పంపాలి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఎదుట నిలబడటం నాకు చాలా కష్టమైంది.

"లేకపోతే?"

"ఉద్యోగం తీసేస్తారు."

ఆవిడ లేచి స్టవ్వు తగ్గించి, అల్మరాలోంచి అట్ట తీసి, ఒక మాత్ర చించి అరచేతిలో వేసుకుంది.

"నెలకి ఎన్ని రోజులు?" అంది.

"రోజూనే అమ్మగారూ" అన్నాను. "ఈసారి పదహారుతో సరిపోదు."

ఆవిడ స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగి మాత్ర మింగింది. నేను బ్యాగులోంచి పాత నోటు పుస్తకం తీసి, ఎక్కడికో పంపబోతున్నట్టు తారీఖు వేసి రాసుకున్నాను.